ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పరీక్షలను సంస్కరించడం ఎలా?

ప్రభుత్వ బడుల చదువును బాగుచేయాలన్న మాట వచ్చినప్పుడల్లా ముందుగా మారేది పాఠ్యపుస్తకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధిపత్రం–2011 వెలువడిన తరువాత, 2012 నుంచి తరగతుల వారీగా కొత్త పుస్తకాలు వచ్చాయి. 2014-15 నాటికి అవి పదో తరగతికి కూడా చేరాయి. గణితంలో ‘ఆలోచించి, చర్చించి రాయండి’ అనే పెట్టెలు, సామాన్య శాస్త్రంలో చేసి చూడవలసిన కృత్యాలు, పాఠం చివర విద్యా ప్రమాణాల వారీగా విడదీసిన ప్రశ్నలు చూస్తే, వాటిని రాసినవారి శ్రద్ధ ఇప్పటికీ కనబడుతుంది. అయినా చాలా తరగతి గదుల్లో ఆ పెట్టెలను దాటివేసి, చివరి అభ్యాసాలకు జవాబులు బోర్డు మీద రాసి, పిల్లలచేత నోట్సులోకి ఎక్కించి, వాటినే అప్పజెప్పించుకోవడం బోధనగా కొనసాగింది. దీనికి ఉపాధ్యాయుల అలసత్వం కారణమని నేననుకోను. పరీక్షలో ఏమి వస్తుందో దానినే చెప్పమని అటు తల్లిదండ్రులు, ఇటు ఉత్తీర్ణత శాతం అడిగే అధికారులు కోరుతున్నప్పుడు, రానిదానిపై గంటలు వెచ్చించే ధైర్యం ఎవరికీ మిగలదు. అందుచేత పాఠ్యప్రణాళిక సంస్కరణను పరీక్ష వైపు నుంచి మొదలుపెట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు, యాజమాన్య కమిటీలోని తల్లిదండ్రులు తమ చేతిలో ఉన్నంత మేరకు ఈ విద్యా సంవత్సరంలోనే దీనిని మొదలుపెట్టవచ్చు.

ఎవరి చేతిలో ఏముందో ముందు తెలుసుకోండి

1976లో జరిగిన 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. జాతీయ స్థాయిలో ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) పాఠ్యప్రణాళిక చట్రాన్ని రూపొందిస్తే, ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు పాఠ్యప్రణాళికను, మూల్యాంకన విధానాన్ని నిర్ణయించే విద్యా ప్రాధికార సంస్థను 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ బాధ్యత ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి)ది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలను ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహిస్తుంది. జిల్లా స్థాయిలో జరిగే ఉమ్మడి పరీక్షల ప్రశ్నపత్రాలు చాలాకాలంగా జిల్లా ఉమ్మడి పరీక్షల బోర్డు ద్వారా వస్తున్నాయి.

29వ సెక్షన్‌ను ఒకసారి పూర్తిగా చదవమని ప్రతి ఉపాధ్యాయుణ్ణీ, ప్రతి కమిటీ సభ్యురాలినీ కోరుతున్నాను. పిల్లవాడి అవగాహననూ, దానిని అన్వయించే శక్తినీ నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని, భయానికీ ఆందోళనకూ తావులేకుండా చదువు సాగాలని, వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన ఉండాలని అది స్పష్టంగా చెబుతుంది. అంటే బట్టీని కొలిచే ప్రశ్నపత్రాన్ని ప్రశ్నించడానికి మీకు చట్టమే ఆధారం. అదే చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది స్త్రీలు ఉండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే పని ఈ కమిటీకే అప్పగించారు. ఆ ప్రణాళికలో ప్రహరీ గోడ, మరుగుదొడ్లతో పాటు చదువు గురించి కూడా రాయవచ్చన్న సంగతి చాలామందికి తట్టదు.

పబ్లిక్ పరీక్ష పత్రాన్ని మీరు నేరుగా మార్చలేరు. కానీ స్లిప్ టెస్టు, యూనిట్ పరీక్ష, ప్రాజెక్టు పని, నోటుపుస్తకం దిద్దే తీరు, తరగతిలో నోటితో అడిగే ప్రశ్న, ఇవన్నీ బడి చేతిలోనే ఉన్నాయి. పిల్లవాడు పబ్లిక్ పరీక్ష ఒకసారి రాస్తాడు, వీటిని వందల సార్లు ఎదుర్కొంటాడు.

మూడేళ్ల ప్రశ్నపత్రాలు తీసి లెక్కవేయండి

మీ సబ్జెక్టులో గత మూడేళ్ల బడి పరీక్షల పత్రాలను సేకరించండి. ఒక్కొక్క ప్రశ్న పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: పుస్తకంలోని వాక్యాన్ని తిరిగి రాస్తే సరిపోయేది, పుస్తకంలో చేసిన పద్ధతినే అంకెలు మార్చి చేస్తే సరిపోయేది, పిల్లవాడు ఇంతకుముందు చూడని సందర్భంలో తనంతట తాను ఆలోచించవలసినది. ఈ పనిని ఒక్కరే చేయకండి. అదే సబ్జెక్టు చెప్పే మరొకరితో విడివిడిగా గుర్తులు పెట్టి, తరువాత పోల్చి చూసుకోండి. ఏకీభవించని ప్రశ్నల దగ్గర జరిగే చర్చే ఈ కసరత్తులో అన్నిటికన్నా విలువైనది. ఆ తరువాత మూడో గుర్తు ఉన్న ప్రశ్నల మార్కులను కూడండి. నేను నా పాత పత్రాలకు ఈ లెక్క వేసుకున్నప్పుడు ఆ మొత్తం ఎంత తక్కువో చూసి చాలా బాధపడ్డాను, ఎందుకంటే వాటిని రాసింది నేనే.

నిరంతర సమగ్ర మూల్యాంకనం అమలులోకి వచ్చినప్పుడు అభ్యాసాల్లోని ప్రశ్నలను యథాతథంగా ఇవ్వకూడదని, పిల్లలు ఆలోచించి రాసేలా ప్రశ్న ఉండాలని మార్గదర్శకాలు చెప్పాయి. పదో తరగతిలో ప్రశ్నపత్రం చదువుకోవడానికి 15 నిమిషాలు అదనంగా ఇవ్వడం కూడా అందుకే. ఆ ఉద్దేశం కాలక్రమంలో మసకబారింది. దానిని తిరిగి తీసుకురావడమే మనం చేయబోయే పని. కొత్తగా కనిపెట్టవలసినది పెద్దగా లేదు.

ప్రశ్నను తిరగరాయడం

ఉన్న ప్రశ్నలన్నిటినీ ఒకేసారి తీసివేయవద్దు. 20 మార్కుల స్లిప్ టెస్టులో మొదట 4 మార్కులకే కొత్త తరహా ప్రశ్న పెట్టండి. రెండు మూడు పరీక్షల తరువాత 6కు, ఏడాది చివరికి 8కి పెంచండి. పిల్లలకు అలవాటులేని ప్రశ్నను హఠాత్తుగా సగం పత్రం నిండా పెడితే వారు భయపడతారు, తల్లిదండ్రులు నమ్మకం కోల్పోతారు, ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ‘పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు గల దీర్ఘచతురస్రం వైశాల్యం ఎంత?’ అన్న ప్రశ్నకు సూత్రం గుర్తున్న ప్రతివారూ 96 చదరపు మీటర్లని రాస్తారు. వైశాల్యమంటే ఏమిటో తెలియకుండానే ఆ మార్కులు పడతాయి. దానినే ఇలా అడగండి: ‘మీ దగ్గర 40 మీటర్ల కంచె ఉంది. దానినంతా వాడి దీర్ఘచతురస్రాకారపు కూరగాయల మడి చుట్టూ వేయాలి. మడికి ఉండగల కొలతలు మూడు రాయండి. వాటిలో ఏ మడిలో ఎక్కువ స్థలం వస్తుంది? చుట్టుకొలత సమానమైతే వైశాల్యం కూడా సమానమవుతుందా? ఎందుకో రాయండి.’ ఒకరు 15, 5 అని రాసి 75 చదరపు మీటర్లు తెస్తారు. ఇంకొకరు 12, 8 తో 96. మరొకరు 10, 10 తో 100. చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనా అన్న సందేహం ఎవరో ఒకరు లేవనెత్తుతారు. పరీక్ష అయిపోయిన మరునాడు ఆ సందేహం మీదనే ఒక పీరియడు పాఠం నడుస్తుంది. మంచి ప్రశ్నకు గుర్తు ఇదే: అది పరీక్షతో ముగియదు, తరగతిలోకి తిరిగివస్తుంది.

సామాన్య శాస్త్రంలో కిరణజన్య సంయోగక్రియను నిర్వచించమని అడిగే చోట ఒక చెడిపోయిన ప్రయోగాన్ని ఇవ్వండి. ఒకే రకం మొక్కలున్న రెండు కుండీల్లో ఒకదానిని ఎండలో, రెండోదానిని చీకటి గదిలో పెట్టారు. ఎండలో ఉన్నదానికి మాత్రమే ఎరువు కూడా వేశారు. అది బాగా పెరిగింది కాబట్టి వెలుతురే కారణమని ఒక విద్యార్థి తేల్చాడు. ఆ నిర్ణయం సరైనదేనా, ప్రయోగంలో ఏమి మార్చాలి అని అడగండి. తెలుగులో అపరిచిత గద్యం కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. కరెంటు బిల్లు, బస్సుల వేళల పట్టిక, పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించిన ప్రకటన చాలు. ప్రతిపదార్థం అడగడం మానమని నేను చెప్పడం లేదు, దానితోనే ఆగిపోవద్దంటున్నాను.

బిట్ల విషయంలో ఒక మాట. బహుళైచ్ఛిక ప్రశ్న చెడ్డదనే అభిప్రాయం ఉపాధ్యాయుల్లో బలంగా ఉంది, కానీ లోపం ఆ రూపంలో కన్నా తప్పు సమాధానాలు తోచినట్టు పెట్టడంలో ఎక్కువ. 3/4కు 1/2 కలిపితే ఎంత అని అడిగి 5/4తో పాటు 4/6, 3/8 ఇచ్చారనుకోండి. 4/6 గుర్తించిన పిల్లవాడు లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపాడు. 3/8 గుర్తించినవాడు కూడికకు బదులు గుణించాడు. ఇద్దరికీ చెప్పవలసిన పాఠం వేరువేరు. అలాగే 0.35, 0.4లలో ఏది పెద్దదని అడిగితే, 35 నాలుగు కన్నా పెద్దది కాబట్టి 0.35 అని రాసేవారు తొమ్మిదో తరగతిలో కూడా కనిపిస్తారు. కాబట్టి మీ పిల్లలు చేసే తప్పులను ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. రెండేళ్లలో అది ఏ గైడూ ఇవ్వలేని ప్రశ్నల నిధి అవుతుంది.

దిద్దడం, దిద్దిన తరువాత చూసుకోవడం

ఆలోచించి రాసే ప్రశ్నకు మార్కులు వేయడం కష్టం, అందుకే చాలామంది అలాంటి ప్రశ్నల జోలికి వెళ్లరు. దీనికి విరుగుడు, ప్రశ్న రాసిన రోజే మార్కుల విభజన కూడా రాసుకోవడం. కంచె ప్రశ్నకు 4 మార్కులైతే, సరిపోయే కొలతలు మూడు రాసినందుకు ఒకటి, వాటి వైశాల్యాలకు ఒకటి, సరైన పోలికకు ఒకటి, కారణానికి ఒకటి. కారణం సొంత మాటల్లో ఉన్నా, వాడుక భాషలో ఉన్నా, అక్షరదోషాలున్నా గణితంలో మార్కు తగ్గించకూడదు. ఇద్దరు ఉపాధ్యాయులు ఐదు జవాబుపత్రాలను విడివిడిగా దిద్ది పోల్చుకుంటే, విభజనలో ఎక్కడ అస్పష్టత ఉందో అరగంటలో తెలిసిపోతుంది.

మార్కులు రిజిస్టరులో ఎక్కించడంతో పని అయిపోయిందనుకోవద్దు. 30 మంది రాసిన పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చిన పది పత్రాలను ఒక పక్కన, తక్కువ వచ్చిన పదింటిని ఇంకో పక్కన పెట్టి, ప్రశ్న వారీగా రెండు గుంపుల్లో ఎంతమంది సరిగా రాశారో లెక్కించండి. పైవారిలో తొమ్మిది మంది, కిందివారిలో ముగ్గురు రాస్తే ఆ ప్రశ్న తన పని చక్కగా చేసింది. రెండు గుంపుల్లోనూ దాదాపు అందరూ రాస్తే అది తేలిక ప్రశ్న; ధైర్యం కోసం ఒకటి రెండు అలాంటివి ఉండవలసిందే. పైవారిలో నలుగురు, కిందివారిలో ఐదుగురు రాశారంటే మాత్రం ప్రశ్నలోని వాక్యం గందరగోళంగా ఉందో, మీ జవాబే తప్పో చూసుకోవాలి. ఇక అందరూ తప్పిన ప్రశ్న ఆ పాఠాన్ని మరోసారి వేరే తీరున చెప్పమని మీకు చెబుతున్నట్టు. పెద్ద పెద్ద ప్రామాణిక పరీక్షల వెనుక ఉండే గణాంక విశ్లేషణకు మూలం ఈ చిన్న లెక్కే. దీనికి కంప్యూటరు అక్కరలేదు.

అంతర్గత మార్కులకు విశ్వసనీయత

పదో తరగతిలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 మార్కులు బడిలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనానికి కేటాయించడం మంచి సంస్కరణ. పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష అనే నాలుగు సాధనాలతో ఏడాది పొడవునా పిల్లవాణ్ణి గమనించాలన్నది దాని ఆశయం. అయితే ఎక్కడ చూసినా 20కి 20 పడటం మొదలైనప్పుడు ఆ మార్కులకు అర్థం పోయింది. ఆంధ్రప్రదేశ్ 2019లో వాటిని తీసివేసి 100 మార్కుల రాతపరీక్షకు తిరిగి వెళ్లింది. దుర్వినియోగమైన సాధనాన్ని సరిదిద్దకుండా తీసివేయడం తప్పు నిర్ణయమని నా అభిప్రాయం. కానీ ఆ నిర్ణయానికి అవకాశమిచ్చింది మార్కులు పంచిపెట్టిన పాఠశాలలే.

మీ స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడులన్నీ కలిసిన సముదాయం) పరిధిలో దీనిని సరిచేయడం సాధ్యమే. ప్రతి బడీ ఒక్కో సబ్జెక్టులో ఆరు ప్రాజెక్టు నివేదికలను, అంటే బాగున్నవి రెండు, మధ్యరకం రెండు, బలహీనమైనవి రెండు, మార్కులు కనబడకుండా కాంప్లెక్స్ సమావేశానికి తేవాలి. మరో బడి ఉపాధ్యాయులు వాటికి మార్కులు వేయాలి. తేడా ఎక్కువగా ఉన్నచోట ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. గైడులోంచి ఎక్కించిన ప్రాజెక్టు పదిమంది ముందుకు వచ్చినప్పుడు ఎవరూ దానిని సమర్థించలేరు. ఊళ్లోని చేతిపంపుల్లో ఎన్ని పనిచేస్తున్నాయో తిరిగి లెక్కపెట్టిన పిల్లల నివేదికలో భాష తడబడినా, దాని విలువ అందరికీ తెలుస్తుంది.

ఏమి వదలాలో నిర్ణయించుకోండి

సిలబస్ పూర్తిచేయడమే బోధన కాదని చెప్పడం సులభం. తనిఖీకి వచ్చిన అధికారి ఏ పాఠంలో ఉన్నారని అడిగినప్పుడు జవాబు చెప్పడం కష్టం. కనుక ఆధారంతో మాట్లాడండి. ఆరో తరగతిలో చేరిన ప్రతి పిల్లవాడిచేతా జూన్‌లోనే, ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టుకుని, రెండో తరగతి స్థాయి చిన్న కథ ఒకటి చదివించండి. ఒక తీసివేత, ఒక భాగహారం చేయించండి. 2005 నుంచి ‘అసర్’ సర్వే గ్రామాల్లో ఇళ్లకు వెళ్లి చేస్తున్నది దాదాపు ఇదే. తెలంగాణలో 2022లో ప్రాథమిక తరగతులకు మొదలైన ‘తొలిమెట్టు’ కూడా చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల లోటును పూడ్చడానికే వచ్చింది. చదవలేని పిల్లలు ఎందరో లెక్క తేలాక, మొదటి ఆరు వారాలు రోజుకు ఒక పీరియడు చదవడానికీ, ఒక పీరియడు చతుర్విధ ప్రక్రియలకూ కేటాయించేలా వార్షిక ప్రణాళికను మార్చి, ఆ లెక్కను జతచేసి ప్రధానోపాధ్యాయుల సంతకంతో మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి పంపండి.

గణితంలో స్థానవిలువ, భిన్నం, నిష్పత్తి గట్టిగా పడితే బీజగణితం దానంతట అది నిలబడుతుంది. ఈ మూడింటికి సమయం పెంచి, ఒకే పద్ధతి మీద పదేసి లెక్కలుండే అభ్యాసాల్లో నాలుగు చేయించి మిగిలినవి వదిలివేస్తే పిల్లలు నష్టపోయేదేమీ లేదు.

పెద్ద సర్వేలు వచ్చినప్పుడు

2021 నవంబరు 12న జాతీయ సాధన సర్వే జరిగింది. 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతులకు ‘పరఖ్’ సర్వే జరిగింది. ఇవి ఎంపికచేసిన పాఠశాలల్లో, ఎంపికచేసిన పిల్లలతో జరిగే నమూనా సర్వేలు. జిల్లా, రాష్ట్ర స్థాయిలో చదువు ఎలా ఉందో చెప్పడానికి ఉద్దేశించినవే కానీ ఒక పిల్లవాడికి మార్కులు వేయడానికి కాదు, ఒక ఉపాధ్యాయురాలికి మెమో ఇవ్వడానికి అసలే కాదు. సర్వేకు ముందు నెలరోజులు పిల్లలచేత మోడల్ పేపర్లు, ఓఎంఆర్ షీట్లు నింపిస్తే జ్వరం చూసే ముందు థర్మామీటరును చన్నీళ్లలో ముంచినట్టే. పరీక్ష ఫలితాలను ఉద్యోగాలకు ముడిపెడితే ఏమవుతుందో అమెరికాలోని అట్లాంటా చూపింది. అక్కడ పరిశీలించిన 56 పాఠశాలల్లో 44 చోట్ల జవాబుపత్రాలు దిద్దారని, 178 మంది ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు అందులో భాగముందని 2011లో జార్జియా రాష్ట్ర దర్యాప్తు తేల్చింది. ర్యాంకుల ఒత్తిడి మన దగ్గర కూడా అటువైపే నెట్టగలదు కాబట్టి, ఫలితాలు వచ్చినప్పుడు కమిటీ సమావేశంలో ర్యాంకు గురించి కాక, ఏ సామర్థ్యంలో జిల్లా వెనుకబడిందో చదివి, మన పిల్లలు అందులో ఎలా ఉన్నారో చూసుకోవాలని పట్టుబట్టండి.

పైకి వినతి పంపడం

బడిలో ఒక ఏడాది పని జరిగాక మీ దగ్గర చెప్పుకోదగిన ఆధారం ఉంటుంది: మూడేళ్ల ప్రశ్నల వర్గీకరణ, తిరగరాసిన ప్రశ్నలు, వాటికి పిల్లలు రాసిన జవాబుల నకళ్లు, ప్రశ్న వారీ లెక్కలు. నకళ్ల మీద పిల్లల పేర్లు కొట్టివేయండి. ముందుగా కాంప్లెక్స్ సమావేశంలో తీర్మానం చేయించి, యాజమాన్య కమిటీ తీర్మానాన్ని కూడా జతచేసి, జిల్లా విద్యాశాఖాధికారికీ, ఎస్‌సీఈఆర్‌టీ సంచాలకులకూ పంపండి. ‘విద్యావ్యవస్థను సమూలంగా మార్చాలి’ వంటి మాటలు రాస్తే చదివేవారికి చేయడానికి ఏమీ ఉండదు. కోరికలు మూడింటికి మించకుండా, అమలు చేయగలిగేలా ఉండాలి. నేనైతే ఇవి కోరతాను: ప్రశ్నపత్రంలో ఆలోచన అవసరమయ్యే ప్రశ్నల వాటా ఎంతో ముందే ప్రకటించి ఏటా కొద్దికొద్దిగా పెంచాలి, పబ్లిక్ పరీక్ష తరువాత ఏ ప్రశ్నను ఎంత శాతం మంది సరిగా రాశారో జిల్లాల వారీగా వెల్లడించాలి, ప్రశ్నపత్రాలు రాసేవారికి ఏటా వర్క్‌షాపు నిర్వహించి, వారిలో ప్రభుత్వ బడుల్లో ప్రస్తుతం పాఠం చెబుతున్న వారికి తగినంత చోటివ్వాలి.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం–2005 కింద వినతిపై తీసుకున్న చర్య ఏమిటో అడగవచ్చు; సాధారణంగా 30 రోజుల్లో సమాధానమివ్వాలి. దిద్దిన తన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు కూడా ఆ చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. మూల్యాంకనంపై అనుమానమున్న తల్లిదండ్రులకు ఈ సంగతి తప్పక చెప్పండి.

మార్పు ఏ తరగతి నుంచి, ఎప్పటి నుంచి అన్నది కూడా వినతిలో స్పష్టంగా ఉండాలి. 2024 నవంబరులో తెలంగాణలో పదో తరగతి అంతర్గత మార్కులను ఆ ఏడాది నుంచే తీసివేస్తున్నట్టు ప్రకటించి, సగం విద్యా సంవత్సరం గడిచిపోయిందన్న అభ్యంతరాల మధ్య వెంటనే ఆ ఏడాదికి పాతపద్ధతినే కొనసాగించారు. ఆ వ్యవధిలో పిల్లలు పడిన కంగారును తరగతి గదిలో ఉన్నవారందరూ చూశారు. కనుక పరీక్షా విధానంలో ఏ మార్పయినా జూన్‌లో బడులు తెరిచేనాటికే ఉత్తర్వుల రూపంలో అందాలని, ముందు ఎనిమిదో తరగతిలో అమలై ఆ పిల్లలతోపాటే తొమ్మిదికీ పదికీ నడవాలని, నమూనా ప్రశ్నపత్రాలు తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ మాధ్యమాలకు ఒకే రోజున విడుదల కావాలని రాసి, తేదీ వేసి, కమిటీ అధ్యక్షులతోను ప్రధానోపాధ్యాయులతోను సంతకాలు చేయించి, ముట్టినట్టు రసీదు తీసుకుని ఒక నకలు బడి ఫైలులో ఉంచండి.